బూడిదలో కూర్చున్న మనిషి

సోమవారం

మంట నిలకడగా ఉంది.

ఏది రాసినా ముందు ఈ వాక్యం రాయాలి. అది నియమం. పొయ్యి కాపరి పొద్దున్నే నూనె పోసి, వత్తి సవరించి, మంట సంగతి ఈ పుస్తకంలో ఎక్కించాలి. కింద జాగా మిగిలితే ఊరి సంగతులు రాసుకోవచ్చు. పంతొమ్మిదేళ్ళుగా నేను రాస్తున్నది దాదాపు ఆ ఒక్క వాక్యమే. మాణిక్యాంబగారి పుస్తకం మొదటి పేజీ చదివితే చాలు, మిగతాదంతా చదివినట్టేనని స్టోవా అనే వసారాలో, స్తంభాల నీడన కూర్చునే మగవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. మంట కాస్త రెపరెపలాడితే ముందు పరిగెత్తుకొచ్చేది వాళ్ళే.

ఇవాళ మాత్రం జాగా చాలేట్టు లేదు.

పొద్దున్న వత్తి కొస కత్తిరిస్తుంటే బయటి తలుపు గంట మోగింది. మా వాళ్ళెవరూ బయటికి వెళ్ళలేదు. ఈ ఎర్రగ్రహం మీద, ఈ ఒలింపస్ కొండ వాలులో, మా సొరంగంలో తప్ప చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. మరి మోగించిందెవరని ఊరంతా అగోరా సెంటర్లోకి వచ్చి నిలబడింది. మా ఆర్కన్ పేర్రాజుగారు గడ్డం సగం గీసుకుని, సగం నురగతోనే పరిగెత్తారు. ఊరికి పెద్ద కదా, ఆయన వెళ్ళకపోతే తలుపు తియ్యరు.

లోపలికి వచ్చినవాడు నిలువెల్లా ఎర్రదుమ్ము. వెనక తాడు కట్టిన చిన్న బండి, దాని మీద గాలి సిలిండర్లు రెండు. కొత్త బోధన్ నుంచి వచ్చానన్నాడు. దారిలో బండి చక్రం విరిగితే మిగతాదంతా నడిచాడట. కొత్త బోధన్లో గాలి యంత్రం పాడైందనీ, జనం దక్షిణాన ఉన్న పెద్ద ఊరికి తరలిపోతున్నారనీ రేడియోలో విన్నాం గానీ, ఇటువైపు ఎవరైనా వస్తారని అనుకోలేదు.

ఎవరొచ్చినా ముందు ప్రితానియానికి తీసుకురావాలి. అంటే నేనుండే ఈ ఇంటికి. ఊరి పొయ్యి ఇక్కడే, అతిథికి మొదటి గ్లాసు మంచినీళ్ళూ ఇక్కడే. పేర్రాజుగారూ, గాలి యంత్రం చూసుకునే సత్యవేణీ చెరో పక్కనా పట్టుకుని అతన్ని తెచ్చారు. నేను నీళ్ళ గ్లాసుతో గుమ్మం దగ్గర నిలబడ్డాను. అతను హెల్మెట్ తీశాడు. నా వైపు చూడనేలేదు.

మా ఊళ్ళో మంట ఇదొక్కటే. వంటలన్నీ కరెంటు మీద. మా పిల్లల్ని కాస్త ఊహ తెలిశాక, మూడో ఏట ఇక్కడికి తీసుకొస్తే నోరు తెరుచుకుని నిలబడిపోతారు, కొందరు ఏడుస్తారు. అది నాకు అలవాటే. కానీ ఒక పెద్దమనిషి, యాభై ఏళ్ళవాడు, జీవితంలో మొదటిసారి మంటను చూడటం నేనెప్పుడూ చూడలేదు. ముందు ముఖం ఖాళీ అయిపోయింది. తరవాత రెండు చేతులూ లేచాయి, దణ్ణం పెడదామనో, కప్పుకుందామనో అతనికే తెలిసినట్టు లేదు. మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి, రాతి గట్టు దాటి, మంట చుట్టూ ఉన్న బూడిదలో కూర్చున్నాడు. రెండు అరచేతులూ బూడిదలో ఆనించాడు.

పేర్రాజుగారి ముఖాన నురగ ఎండిపోయింది.

ఇది చదివేవాళ్ళు రాబోయే తరాలవాళ్ళైతే ఒక మాట. కొత్త ఊళ్ళకి పేర్లు పంచిన రోజున మన పెద్దవాళ్ళు ఆలస్యంగా వెళ్ళారట. దారిలో టిఫిన్‌కి ఆగారని మా నాన్న అనేవాడు. అప్పటికి మిగిలింది పాత గ్రీకుల పేర్లే. తీసుకున్న పేరుకి తగ్గ మర్యాద చెయ్యాలి కదా అని, పేర్ల వెంట పద్ధతులూ ఒక్కొక్కటే నేర్చుకున్నారు. వాటిలో మొదటిది మా గుమ్మం పైన చెక్కి ఉంది. పొయ్యి బూడిదలో కూర్చుని శరణన్నవాణ్ణి ఊరు గెంటకూడదు. ఆ బూడిద మొదటి ఏడాది సామాను పెట్టెల చెక్కలు కాల్చినది. మా పిల్లలు ఆటల్లో కూడా అందులో కాలు పెట్టరు. పూర్వం ఒకాయన భార్యతో దెబ్బలాడి వచ్చి కూర్చుంటే, ఆవిడ శాంతించేదాకా ఊరంతా వంతులేసుకుని అన్నం పెట్టాల్సి వచ్చిందట.

"మాణిక్యాంబగారూ, ఇతను కూర్చున్నట్టా, తూలి పడ్డట్టా?" అని పేర్రాజుగారు నా చెవి దగ్గర అడిగారు.

"కూర్చున్నాడండి."

"పడ్డాడని రాసేసుకుంటే ఓ పనైపోద్ది కదండీ."

"రాయాల్సింది నేనండి. నేను చూసింది కూర్చోడం."

అదిగో, అలా నా నెత్తినే పడింది.


మంగళవారం

మంట నిలకడగా ఉంది. నేను లేను.

అతని పేరు లింబాద్రి. ఊరి సభ, అదే ఎక్లీసియా, శనివారం కూడి తేల్చేదాకా బూడిద గట్టు దాటి బయటికి రాకూడదు. అంటే నా గదిలోనే ఉంటాడు. పంతొమ్మిదేళ్ళు నేనూ మంటా తప్ప ఎవరూ లేని గదిలో ఇప్పుడొక మనిషి గురక పెడుతున్నాడు. పైగా మొదటి మాటలోనే నన్ను నువ్వన్నాడు. సాక్షాత్తూ ఆర్కన్‌గారే నన్ను మీరంటారు.

"అక్కా, గిది బతికున్నదా?"

"ముట్టుకుంటే కాలుద్ది. గాలి ఆడకపోతే చస్తుంది. మరి బతికున్నట్టే."

"మా ఊర్ల గిట్ల లేదక్కా. మంట అంటె సినిమాలల్ల జూసుడే. గిట్ల కదులుతదని తెల్వది నాకు."

రోజంతా చూస్తూనే కూర్చున్నాడు. భూమి నుంచి దీన్ని గాజు బుడ్డిలో పెట్టుకుని తెచ్చారనీ, ఓడలో బరువు లేనప్పుడు ఇది నీలంగా, గుండ్రంగా, బఠాణీ గింజంత అయి గాల్లో నిలబడేదనీ మా వాళ్ళు చెప్పుకునే కథ చెప్పాను. నిజానికి మధ్యలో ఎన్నిసార్లు కొండెక్కిందో, ఎవరు చాటుగా మళ్ళీ వెలిగించారో నాకు ఎప్పుడూ అనుమానమే. అతను మాత్రం ప్రతి మాటకీ తలూపాడు.

కొత్త బోధన్లో అతనికి కటింగ్ షాపు ఉండేదట. ఆఖరి బండిలో ఒక మనిషికి చోటు తక్కువైతే చీటీలు వేశారట.

"నా పేరొచ్చింది. చీటీ తీసిందెవ్వరో తెల్సా? నా బామ్మర్ది."

"ఏడ్చావా?"

"లే. కోపమొచ్చింది. ఆడు గూడ ఏడుస్తుంటె ఊకున్న. అందరు వొయినంక ఆడ్నే కూసుందామనుకున్న. మళ్ల అనిపిచ్చింది, కూసుంటె ఏమొస్తది, నడుస్తె కాళ్లన్న కదుల్తయి అని."

ముక్కుకి గొట్టం తగిలించుకుని తన సిలిండర్ గాలే పీలుస్తున్నాడు, వదిలిన గాలీ తిరిగి అందులోకే పోతోంది. మా ఊళ్ళో అతిథులు తమ గాలి తామే తెచ్చుకోవాలి. సాయంత్రం సత్యవేణి వచ్చి సిలిండర్ల ముల్లు చూసింది. ఆదివారం దాకా వస్తుందంది.


బుధవారం

మంట నిలకడగా ఉంది.

లింబాద్రి సంచిలో కత్తెరలూ, దువ్వెనలూ, కత్తీ ఉన్నాయి. ప్రాణం మీదికొచ్చి ఊరు వదిలినవాడు మంచినీళ్ళు తగ్గించుకుని అవి మోసుకొచ్చాడు. పేర్రాజుగారు మాట్లాడదామని వస్తే, "సార్, గా ఎడమ బుగ్గ మిగిలింది" అని గట్టు అంచున కూర్చోబెట్టి గీసేశాడు. మధ్యాహ్నానికి నా గుమ్మం ముందు వరసకట్టారు. తల అప్పగించి కూర్చున్నవాళ్ళు మామూలుగా మాట్లాడని సంగతులన్నీ మాట్లాడతారని నాకు ఇవాళే తెలిసింది.

కానీ వరసలో నిలబడ్డవాళ్ళు ఇంకోటి కూడా అడుగుతున్నారు. నా దగ్గు ఎలా ఉందని. ముసలి పిచ్చయ్యగారి నడుం నొప్పి తగ్గిందా అని. నా దగ్గు గురించి ఇంతమంది ఇంత ఆప్యాయంగా ఎన్నడూ అడగలేదు. కారణం నాకు తెలుసు. గాలి వాటాల పట్టీలో ఒక పేరు కొట్టేస్తే గానీ ఇంకో పేరు ఎక్కదు.

మేం నూట పదకొండు మందిమి, మంటతో కలిపి నూట పన్నెండు వాటాలు. ఇది లెక్క కోసం అంటున్న మాట కాదు. గాలి యంత్రాన్ని నిలబెట్టిన రోజున, గాలి తినే ప్రతిదానికీ పేరుండాలని పెద్దలు పట్టీ రాశారు. అందులో మొదటి పేరు అగ్ని. మా ఊళ్ళో మొట్టమొదటి పౌరుడు ఈ ప్రమిదలో ఉన్నవాడే.

ఒక్క మనిషికి సర్దుకోలేరా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించి సత్యవేణిని అడిగాను. ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది.

"పిన్నిగారూ, నాలుగు గొట్టాల్లో రెండు దుమ్ముకి పోయాయి. సామాను ఓడ వస్తే గానీ రావు. ఇప్పటికే పిల్లల్ని పరిగెత్తొద్దంటున్నాం. మనం వదిలే చెడుగాలి ప్రమాదం గీత దగ్గరే ఉంది. ఇంకొక్కరు పీలిస్తే గీత దాటుద్ది. ముందు తలనొప్పులు, తరవాత నిద్రమత్తు. పెద్దాళ్ళం తట్టుకుంటామండి. హైమావతి పిల్ల తట్టుకోదు."

హైమావతి బిడ్డకి ఇరవై రోజులు. పోయిన నెల కాలం చేసిన మా సుబ్బాయమ్మగారి వాటా ఆ పిల్లది. ఆదివారం ఇక్కడికి తీసుకురావాలి. తల్లి అరచెయ్యి మంట పైన వెచ్చబెట్టి బిడ్డ నుదుటికి ఆనిస్తేనే ఊరి బిడ్డయినట్టు. ఇవాళ హైమావతి గుమ్మం దాకా వచ్చింది. లింబాద్రిని చూసి, బిడ్డ ముఖం మీద పవిటకొంగు కప్పుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్లని తప్పు పట్టలేను.


గురువారం

మంట నిలకడగా ఉంది. ఇవాళ దాన్ని కొత్తగా చూశాను.

భోజనాలయ్యాక సత్యవేణి గాజు గిన్నె, గొట్టం, చేతిపెట్టెంత మీటరూ పట్టుకుని వచ్చింది. వత్తి సన్నం చేస్తే ఎంత గాలి మిగులుతుందో కొలుస్తానంది. వత్తి మీద చెయ్యి వేస్తే ఊరుకోనన్నాను.

"చెయ్యి వెయ్యనండి. కొలుస్తానంతే. నాకు కూడా ఇది ఆరి... కొండెక్కాలని ఉందా ఏంటి?"

దీపం ఆరిందని అనకూడదు మరి. తిడుతూ తిడుతూ కూడా మాట దిద్దుకుంది, అందుకే ఒప్పుకున్నాను. అడుగున గాలాడేలా గాజు గిన్నె మంట మీద పట్టింది. మీటరు ముల్లు లేచి ఒకచోట ఆగింది. ఆమె దాన్ని రాసుకుంది. తరవాత, మీటరు సరిగ్గా ఉందో లేదో చూడాలని, పక్కనే భోంచేసి కునుకు తీస్తున్న లింబాద్రి గొట్టానికి తగిలించింది. ముల్లు లేచింది. దాదాపు అక్కడే ఆగింది.

సత్యవేణి మీటరుని తట్టింది. మళ్ళీ మంట దగ్గర పట్టింది. మళ్ళీ అతని దగ్గర పట్టింది. అదే చోటు, వెంట్రుకవాసి అటూ ఇటూ. చివరికి తన ముక్కుకే పట్టుకుంది. ఆమెది కొంచెం ఎక్కువ చూపించింది, కోపం మీదుంది కదా.

"ఒక వాటా అంటే ఊరికే మర్యాదకి ఇచ్చారనుకున్నానండి" అంది.

అతను నిద్రపోతున్నాడు, ఛాతీ లేచి పడుతోంది. పక్కన మంట, అతని ఛాతీతో పాటే ఒరిగి మళ్ళీ లేస్తున్నట్టుంది. ఒకటి నాచునూనె తింటోంది, ఇంకొకటి పప్పన్నం తిని పడుకుంది. రెండూ ఒకే గాలి తీసుకుంటున్నాయి, ఒకే చెడుగాలి వదులుతున్నాయి, రెండింటి ఒళ్ళూ వెచ్చగా ఉన్నాయి. జఠరాగ్ని అన్న మాట చిన్నప్పుడు అజీర్తి మందు డబ్బా మీద చదివాను. ఏదో పెద్దమాట అనుకున్నాను. ఇంతకాలం మంట పక్కనే కూర్చుని, నాలోనూ అదే మండుతోందని ఒక్కనాడూ తోచలేదు. ఊళ్ళో ఒక్కటే మంట ఉందనుకుని కాపలా కాశాను, ఇతనితో కలిపి నూట పదమూడు ఉన్నాయి.

ఒళ్ళు ఝల్లుమంది. భయం కాదు. అంత పెద్దదాని ముందు నిలబడ్డప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. సోమవారం లింబాద్రి ఎందుకలా వెళ్ళి కూర్చున్నాడో ఇప్పుడు తెలిసింది.

సత్యవేణి సామాను సర్దుకుంటూ నా ముఖం చూసింది. ఆమెకి వచ్చిన ఆలోచనే నాకూ వచ్చిందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం పైకి అనలేదు. అంటే చెయ్యాల్సిన చెయ్యి నాది.


శుక్రవారం

మంట నిలకడగా ఉంది.

తెల్లారి లేచేసరికి లింబాద్రి బయటి సూటు తొడుక్కుని, బూట్లు బిగించుకుంటున్నాడు. కత్తెరల సంచి మాత్రం గట్టు మీద పెట్టి ఉంది. దాన్ని చూశాక ఎక్కడికని అడగక్కర్లేదు, అయినా అడిగాను.

"గీడికేనక్కా. బయటికి."

"బూడిదలో కూర్చున్నవాణ్ణి ఊరు గెంటకూడదు."

"ఊరు గెంటుతలేదు గద. నేనే పోతున్న. గా పసిపిల్ల రాత్రి దగ్గుతుంటె ఇనబడ్డది."

"పాలు ఎగదన్నాయి. అందుకు దగ్గింది."

"తెల్సు. మళ్ల దగ్గినప్పుడల్ల గిట్లనే ఇనబడ్తది నాకు. ఒద్దక్కా. మంటను జూసిన, కడుపు నిండింది. నా తోటి మీ ఊర్ల ఒకల్ల ముఖం ఒకలు జూస్తలేరు."

"మరి నా పుస్తకంలో ఏమని రాయమంటావు?"

"మంట నిలకడగున్నదని రాయి. రోజు రాసేది గదే గద" అన్నాడు.

నిజమే. పక్కకి తప్పుకుంటే చాలు, ఆ వాక్యం రేపూ రాసుకోవచ్చు. నన్నెవరూ ఒక్క మాట అనరు. ఒక్క క్షణం తప్పుకుందామనే అనిపించింది. అనిపించినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. అతని హెల్మెట్ లాక్కుని గుమ్మంలో పెట్టి దాని మీద కూర్చున్నాను. ఈ గ్రహం మీద నా బరువు ఎంతో ఉండదు గానీ, ఆడమనిషి కూర్చున్న హెల్మెట్‌ని లాక్కునేంత మర్యాద లేనివాడు కాదు లింబాద్రి.

"లెవ్వక్కా."

"రేపు సభ అయ్యాక లేస్తాను. పోయి బూడిదలో కూర్చో. కాళ్ళు దులుపుకోకు, గదంతా పాడవుతుంది."

మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే తిన్నాను. నడుం పట్టేసింది.


శనివారం

మంట నిలకడగా ఉంది. ఈ వాక్యం రాశాక మళ్ళీ ఒకసారి చదువుకున్నాను.

పొయ్యి కాపరికి సభలో ఓటు లేదు. మంట ఎవరి పక్షమూ కాదని అలా పెట్టారు. కానీ ప్రతి సభా ఒకే ప్రశ్నతో మొదలవుతుంది, దానికి జవాబు నేనే చెప్పాలి. అగోరాలో మెట్ల మీద అందరూ కూర్చున్నారు. లింబాద్రిని తేవడానికి లేదు కాబట్టి ప్రితానియం తలుపులు బార్లా తీసి పెట్టాం, అతను అక్కడి నుంచి కనిపిస్తున్నాడు. పేర్రాజుగారు లేచి ఎప్పటిలాగే అడిగారు.

"పొయ్యి కాపరిగారూ, మంట ఎలా ఉందండి?"

"ఏ మంటండీ?" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. పంతొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్నకి నేను వేరే మాట అనడం అదే మొదలు.

"లోపల రెండున్నాయండి. ఒకదానికి నూనె పోస్తున్నాను, ఒకదానికి అన్నం పెడుతున్నాను. రెండూ ఒక వాటా గాలే తింటాయి. సత్యవేణి కొలిచింది, అడగండి. పట్టీలో మొదటి పేరు అగ్ని అని ఉంది గానీ, నూనెతో మండాలని ఎక్కడా లేదు. బూడిదలో కూర్చున్నవాణ్ణి గెంటకూడదు, మంట పోకూడదు, వాటా పెరగకూడదు. మూడు నియమాలూ నిలబడాలంటే దారి ఇదొక్కటే. అగ్ని వాటా అతనిదని రాయండి. ప్రమిదలోదాన్ని కొండెక్కించే పని నేను చూసుకుంటాను."

సత్యవేణి లేచి మీటరు లెక్క చెప్పింది. ఎవరూ దాన్ని కాదనలేదు, కానీ ఎవరూ నా వైపు చూడలేదు కూడా. పేర్రాజుగారు ఒక మెట్టు దిగి నా ఎదుటికి వచ్చారు. ఆయన మంచివాడు.

"మాణిక్యాంబగారూ, అది భూమ్మీంచి వచ్చిన మంటండి. మన తాతలు చేతుల్లో పెట్టుకుని తెచ్చింది. వచ్చే ఏడు మా అమ్మాయి వాళ్ళు కొత్త ఊరు పెట్టడానికెళ్తూ ఇందులోంచే వెలిగించుకెళ్ళాలి. తల్లి ఊరి నుంచి పిల్ల ఊరికి మంట వెళ్ళకపోతే అది ఊరెలా అవుద్దండీ?"

ఇది నేను ముందుగా అనుకుని వెళ్ళిన మాట కాదు. తలుపులోంచి అతను కనిపిస్తున్నాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు వింటున్నాడు.

"ఆ గాజు బుడ్డిలోది దారిలో ఎన్నిసార్లు కొండెక్కిందో ఎవరు చూశారండీ? ఇతని సంగతి అలా కాదు. వాళ్ళమ్మ కడుపులో వెలిగింది, ఆవిణ్ణి వాళ్ళమ్మ వెలిగించింది, అలా వెనక్కి భూమ్మీద మొదటి మనిషి దాకా వెళ్ళండి, ఇంకా వెనక్కి వెళ్ళండి, మధ్యలో ఎక్కడా ఒక్క నిమిషం కూడా ఆరలేదు. ఆరి ఉంటే ఇతను లేడు. మీరూ లేరు. మీ అమ్మాయి పట్టుకెళ్ళే మంట ఆ పిల్ల దగ్గరే ఉందండి. మనం దేన్ని కాపాడుతున్నామో దాన్నే బయటికి పంపేద్దామా?"

అని కూర్చున్నాను. పసిపిల్ల ఒక్కతే ఏదో శబ్దం చేసింది.

గులకరాళ్ళు వేశారు. ఔనంటే తెల్లది, కాదంటే నల్లది. కుండ బోర్లించి అందరి ముందూ వేరు చేస్తుంటే నేను చూడలేక లోపలికి వచ్చి లింబాద్రి పక్కన గట్టు మీద కూర్చున్నాను. పేర్రాజుగారే వచ్చి చెప్పారు. తెల్లవి ఎక్కువట. తన రాయి ఏ రంగో చెప్పక్కర్లేదు, అయినా చెప్పారు. నల్లదే వేద్దామని పట్టుకెళ్ళి, ఆఖర్న తెల్లది వేశారట.

లింబాద్రి ఒప్పుకోలేదు. గంటసేపు వాదించాడు. నేను మళ్ళీ అతని హెల్మెట్ మీద కూర్చోవాల్సి వచ్చింది.


ఆదివారం

మంట నిలకడగా ఉంది అని పొద్దున్న రాశాను. నూనె పొయ్యలేదు.

దీపాన్ని నోటితో ఊదకూడదు. ఎలా ఆపాలో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఎవరూ ఎన్నడూ చెయ్యలేదు. అందుకే నూనె అయిపోయేదాకా ఉండనిచ్చాను. ఊరంతా వచ్చింది. లోపల పట్టనివాళ్ళు స్తంభాల మధ్యా, మెట్ల మీదా కూర్చున్నారు. లైట్లు తీసేయమన్నాను, దాన్ని దాని వెలుగులోనే చూడాలి. పెద్దవాళ్ళు పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు. చాలామంది ఏడ్చారు, నేనూ ఏడ్చాను. పంతొమ్మిదేళ్ళు నాకు తోడున్నది అదే. ఆ మాట దాచుకోవాల్సిన పని లేదు.

ప్రమిద అడుగు కనిపించింది. మంట పొట్టిదైంది. పసుపు పోయి, ఎరుపు పోయి, నీలం మిగిలింది. చివరికి వత్తి కొసన గుండ్రంగా, నీలంగా, బఠాణీ గింజంత అయి నిలబడింది. ఓడలో గాజు బుడ్డి కథ మా పిల్లలందరికీ తెలుసు. ఎవరో చిన్నగొంతుతో, "అలాగే ఉంది" అన్నారు. అదంతా కట్టుకథనుకున్నది నేనే. ఎవరో ఒకరు దీన్ని కళ్ళతో చూసి ఉండకపోతే అలా చెప్పలేరు. వాళ్ళు చూసినదాన్నే చూస్తున్నాను.

తరవాత కొండెక్కింది. సన్నటి పొగ వాసన, చీకటి. అంత చీకటి మాలో ఎవరూ చూడలేదు.

ఆ చీకట్లో లింబాద్రి ముక్కుకున్న గొట్టం తీశాడు. బిరడా బిగించిన శబ్దం విన్నాను. ఆపైన అతను ఊపిరి తీసుకున్నాడు, మా గాలిని, మొదటిసారి. అందరం విన్నాం. ఏడుస్తున్నాడు కాబట్టి ఆ ఊపిరి తడబడింది, మళ్ళీ కుదురుకుంది.

లైట్లు వెయ్యమని చెప్పబోతుంటే నా పక్కన పట్టుచీర గరగర వినిపించింది.

"పొయ్యి కాపరిగారూ, బిడ్డని తీసుకొచ్చానండి" అంది హైమావతి. "చెయ్యి ఎక్కడ వెచ్చబెట్టుకోవాలండీ?"

ఆమె మణికట్టు పట్టుకుని చీకట్లో వెతుక్కుంటూ తీసుకెళ్ళాను. లింబాద్రి ముఖం ముందు ఆపాను. అతనికి ఏం చెయ్యాలో తెలియలేదు. "ఊపిరి వదులు, అంతే" అన్నాను. వదిలాడు. ఆమె అరచెయ్యి వెచ్చబడేదాకా ఉంచి, తీసి, బిడ్డ నుదుటికి ఆనించింది. బిడ్డ ఏడవలేదు.


సోమవారం

కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మొదటి వాక్యం లేకుండా ఏదీ రాయకూడదు. అబద్ధమూ రాయకూడదు.

పొద్దున్న నూనె డబ్బా అలవాటుగా చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేశాను. దాని బదులు పెసరట్లు పోశాను. పట్టీలో అగ్ని అన్న పేరు పక్కన, ఇకమీదట ఈ వాటా బూడిదలో కూర్చున్నవాళ్ళదని సత్యవేణి రాసింది. ఓడ వచ్చి గొట్టాలు బాగుపడ్డాక ప్రమిద మళ్ళీ వెలిగించుకోవచ్చంది. చూద్దాం అన్నాను. తొందరేం లేదు. చెడుగాలి గీత దాటలేదు.

పేర్రాజుగారి అమ్మాయి వచ్చి, వచ్చే ఏడు కొత్త ఊరికి బయల్దేరేటప్పుడు దీవించడానికి రావాలని లింబాద్రిని అడిగింది. "నన్ను లాంతర్ల వెట్టి తీస్కపోతరా ఏంది?" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. తరవాత ఇద్దరూ నవ్వులు ఆపేసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అతను ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు.

గట్టు దాటి బయటికి రావచ్చని చెప్పినా ఇంకా బూడిద పక్కనే ఉన్నాడు, అలవాటైపోయిందట. సరే, రాస్తున్నాను.

మంట నిలకడగా ఉంది. పప్పన్నం రెండోసారి వడ్డించుకుంది. ఇప్పుడు గురక పెడుతోంది.